ఏడుగురం బయటికొచ్చిన రోజు

కక్ష మంచిది కాదని బడిలో పిల్లలకు సర్వీసంతా చెప్పాను. నేను మాత్రం ఒక మనిషి మీద యాభై ఏళ్ళు కక్ష పెట్టుకుని బతికాను. అది నన్ను తినేసిందని, కుంగదీసిందని రాస్తే అబద్ధమవుతుంది. అది నాకు తోడుగా ఉంది. పొద్దున్నే బీపీ గోళీ వేసుకునేటప్పుడు గుర్తొచ్చేది, వేసుకున్నాక నా పనిలో నేను పడేవాణ్ణి. దాన్ని తీర్చుకునే దారి, నాకు డెబ్బై దాటాక, తెలంగాణ వచ్చి కూడా కొన్నేళ్ళు గడిచాక, నల్లగొండలో మా ఇంటి గేటు తీసుకుని తనంతట తనే లోపలికి వచ్చింది.

వచ్చినతని పేరు శ్రీశైలం. పాతికేళ్ళు దాటి ఉంటాయి. అచ్చంపేటలో బోరు మోటార్లు బాగుచేస్తాడట. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అచ్చంపేట ఇప్పుడు నాగర్‌కర్నూల్లోకి పోయింది, అక్కడి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, "బీరయ్య సారంటే మీరేనా? కట్టంగూర్ల అడిగితె మీరు ఈడున్నరని చెప్పిన్రు. మా అవ్వ లచ్చమ్మ, మా నాయిన తల్లి. మా అవ్వ తమ్ముడు బాలయ్య మీతోని ఓడల ఉండె గదా సార్" అన్నాడు.

యాభై ఏళ్ళలో ఆ పేరు మరొకరి నోట వినడం అదే మొదలు. అతను జేబులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీశాడు. పాత పెంకుటిల్లు విప్పుతుంటే ట్రంకుపెట్టెలో దొరికిందట. ఇంగ్లీషులో టైపు కొట్టిన వాంగ్మూలం నకలు. బాలయ్య అనే నావికుడు పైఅధికారి ఆజ్ఞ వినకుండా, బయటికి వచ్చినవాడు తన సామాను కోసం మళ్ళీ మంటల్లోకి దిగి చనిపోయాడని దాని సారాంశం. కింద రెండు సంతకాలు. మొదటిది ఓడలో మా పైవాడు చీఫ్ నర్సయ్యది. రెండోది నాది.

"కాయితం వచ్చిన్నాడు బడి పంతులు చదివి మా తాతలకు చెప్పిండంట సార్. అప్పట్నుంచి మా ఇంట్ల ఆ పేరు ఎవ్వలకు పెట్టలే. మాట ఇననోని పేరు ఇంట్ల ఉండొద్దని బాలయ్య తాత నాయిన ఒట్టు పెట్టిండంట. అవ్వకు ముగ్గురు కొడుకులు, ఎవ్వలకు పెట్టలే. మా తరంల గూడ పెట్టలే. ఇప్పుడు నాకు కొడుకు పుట్టిండు. ఇరవై ఒకటో నాడు తొట్టెలేసి పేరు పెడ్తం. అవ్వ ఒక్కటే అడిగి రమ్మన్నది. నా తమ్ముడు నిజంగనే మాట ఇనలేదా, అని."

మా దిక్కు చనిపోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకు పెట్టుకుంటారు. చనిపోయినవాడు అలా ఇంటికి తిరిగొస్తాడు. ఆ పేరు తొట్టెల దగ్గర ఎవరూ పిలవకపోతే వాడు ఎక్కడో తిరుగుతూనే ఉంటాడని మా అవ్వ కూడా అనేది. బాలయ్య మూడు తరాలుగా తిరుగుతున్నాడు. అతన్ని తిప్పుతున్న కాగితం మీద నా సంతకం ఉంది. "తొట్టెలకు ముందే నేను వస్త. మీ అవ్వకు నేనే చెప్త" అని పంపించాను. ఆ రోజంతా కోపంతో ఒళ్ళు కాలిపోయింది. బాలయ్య మీద జాలి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే, అది నర్సయ్య మీద.

ఆ ఓడ సంగతి చెప్పాలంటే ముందు మా బాపు గొర్రెల సంగతి చెప్పాలి. కట్టంగూర్ పక్కన మాది కురుమల ఇల్లు. మా మంద మొత్తం నల్ల గొర్రెలు, మెడ కింద కూడా తెల్ల మచ్చ లేనివి. ఇంట్లో ఎటు తిరిగినా ఉన్ని వాసన. వానాకాలం తడిసిన గొంగళ్ళు దండెం మీద వేస్తే ఆ వాసన అంబలి గిన్నెలోకి కూడా వచ్చేది. బాపు పొద్దున్నే కంప తీసి మందను వదిలేవాడు. పొద్దూకి తోలుకొచ్చి మళ్ళీ కంప దగ్గర నిలబడేవాడు. గొర్రెలు ఒక్కొక్కటే ఆయన మోకాళ్ళను రాసుకుంటూ లోపలికి పోయేవి. ఆయన పెదవులు కదిలేవి కావు. జీవాలను లెక్కపెడితే దిష్టి తగులుతుందని మా వాళ్ళ నమ్మకం. బడిలో అంకెలు నేర్చుకున్న గర్వంతో ఒకనాడు నేను పక్కన నిలబడి లెక్కపెట్టాను. "సరిపోయినయి బాపు" అన్నాను. ఆయన కంప మూయలేదు. "సరిపోలే. ఒకటి మనది కాదు. ఒకటి మనది లేదు" అన్నాడు. వాగు దగ్గర ఇంకొకరి మంద కలిసిందట. వాళ్ళ గొర్రె ఒకటి మా దాంట్లోకి వచ్చింది. మా కుంటి గొర్రె తుమ్మల్లో చిక్కుకుని ఉండిపోయింది. అన్నీ నల్లవే, అంకె సరిపోయింది, మంద సరిపోలేదు. ఆయన తిరిగిపోయి దాన్ని భుజాల మీద వేసుకుని వచ్చాడు. "లెక్క ఏం జెప్తది బిడ్డా. మొకం జూడాలె" అన్నాడు. అప్పటి నుంచి నేనూ ముఖాలు చూడడం నేర్చుకున్నాను. ఆ చూపు అబ్బితే పోదు. బడిలో హాజరుపట్టీ తెరవకముందే ఎవడు రాలేదో నాకు తెలిసిపోయేది.

హైదరాబాదుకు ఉన్ని అమ్మడానికి పోయినవాణ్ణి నౌకాదళంలో భర్తీ జరుగుతుందని విని వరుసలో నిలబడ్డాను. ఎనిమిది చదివాను, ఛాతీ ఉంది, తీసుకున్నారు. ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. "సముద్రంల ఏం మేపుతవురా" అని మాత్రం అడిగాడు. నేను అంతవరకు చెరువు కంటే పెద్ద నీళ్ళు చూడలేదు.

మా ఓడ పేరు ఇక్కడ రాయను. మేమంతా దాన్ని ముసలిది అనేవాళ్ళం. అంతకుముందు జరిగిన పెద్ద యుద్ధం కోసం తెల్లవాళ్ళు కట్టుకున్న డిస్ట్రాయరు అది. వాళ్ళ యుద్ధం అయిపోయాక మనకు వచ్చింది. నా కంటే వయసులో పెద్దది. నడిస్తే కీళ్ళు మూలిగేవి, పరుగెత్తితే మాత్రం దాని ముందు ఏదీ నిలిచేది కాదు. మూడొందల మంది దాకా ఉండేవాళ్ళం, దేశంలో ఉన్న భాషలన్నీ వినిపించేవి. నాకు పడ్డ పని బాయిలర్ గదిలో. పైన సముద్రం ఉంటుంది, గాలి ఉంటుంది, ఫిరంగులుంటాయి. మాకు కింద ఇనుము, నూనె మంట, ఆవిరి. ఫర్నేసు నూనె వాసన ఒంటికి పడితే సెలవుకు ఇంటికొచ్చినా పోయేది కాదు. మా అమ్మ నా బట్టలు బూడిద నీళ్ళలో రెండుసార్లు ఉడకేసి, "ఇది మనిషి వాసన కాదు బిడ్డా" అనేది. మా ఇంటి ఉన్ని వాసనను అందరూ ఎగతాళి చేస్తే పడ్డవాణ్ణి, మా ఇంట్లోనే ఇంకో వాసనకు మాట పడ్డాను.

బాయిలర్ గదిలో మా షిఫ్టుకు ఏడుగురం. మా పైన చీఫ్ నర్సయ్య. ఆయనది ఆలేరు. తండ్రి రైలింజన్లో బొగ్గు వేసినవాడు. "ఆవిరి మాకు ఇంటి దేవత" అనేవాడు. పదిమందిలో చీఫ్ సాబ్ అనాలి, మేం మేం ఉన్నప్పుడు అన్నా అనవచ్చు. గేజి అద్దాన్ని గోటితో రెండుసార్లు కొట్టి గానీ అంకె చదివేవాడు కాదు. చాయ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. నాకు ఇంగ్లీషు అక్షరాలు సరిగ్గా దిద్దించింది ఆయనే. ఆ పునాది మీదే తర్వాత చదువుకుని పంతులునయ్యాను. ఇది కూడా రాయాలి. రాయకపోతే నా కక్షకు ఉన్న బరువు తెలియదు. ముక్కూమొహం తెలియనివాడు చేసిన ద్రోహమైతే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

బాలయ్యది నల్లమల అంచు. వాళ్ళకూ పది జీవాలున్నాయి గానీ ఎక్కువగా అడివి మీద బతికేవాళ్ళు, తేనె, బంక, ఇప్పపువ్వు. తేనె కోసం చెట్టుకు చెవి ఆనించి లోపల ఈగలున్నాయో లేవో చెప్పే అలవాటు వాడిది. ఓడలో ఆవిరి గొట్టాలకు అలాగే చెవి దగ్గర పెట్టి, "ఈడ కారుతాంది అన్నా" అనేవాడు. విప్పి చూస్తే అక్కడే కారేది. నర్సయ్యకు వాడంటే అందుకే ప్రాణం. వాడు ఇంటి నుంచి ఎండబెట్టిన ఇప్పపువ్వు గుడ్డ సంచిలో తెచ్చుకునేవాడు. వంటింట్లో పనిచేసే కుట్టన్ అనే మలయాళీ దాన్ని వేయించి ఇస్తే ముగ్గురం తినేవాళ్ళం. ఆ వాసనకు నర్సయ్యకు, నాకు ఒకేసారి ఊరు గుర్తొచ్చేది. ఓడలో మా ముగ్గురినీ రాళ్ళ దేశపోళ్ళు అని పిలిచేవారు. బాలయ్య నవ్వేవాడు. "రాయి మునిగినా కరగది" అనేవాడు.

యుద్ధం మొదలై, నేల కనపడకుండా మూడు రోజులు తిరిగాక, ఒక మధ్యాహ్నం కుట్టన్ చాయ కేతిలితో కిందికి దిగాడు. వాడలా దిగకూడదు, నియమం ఒప్పుకోదు. మా అవస్థ చూడలేక దిగాడు. వాడు గ్లాసులు పెడుతుండగానే నూనె గొట్టం అతుకు తెగింది. మంట అంటుకుంది. క్షణంలో గదంతా నల్లటి పొగ. నర్సయ్య గొంతు నాకు ఇప్పటికీ ముక్కముక్కగా గుర్తుంది. "బాలయ్యా, నువ్వు ఎన్కకు పోయి నూనె వాల్వు బంద్ చెయ్యి. కడమోళ్ళు మీదికెక్కుండ్రి." బాలయ్య బాయిలర్ వెనక్కి పోయాడు. మేము నిచ్చెన ఎక్కాం. పైకొచ్చి ఇనుప మూత చుట్టూ నిలబడ్డాం. మసి పట్టి అందరం నల్లగా ఉన్నాం, కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. నర్సయ్య వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఏడు. ఏడుగురం ఉండాలి, ఏడుగురం ఉన్నాం. మూత వేసి పిడులు బిగించాడు.

నేను మసి ముఖాల వంక చూశాను. నల్ల మందలో పెరిగినవాణ్ణి. కుట్టన్ భుజం ఒక పక్కకు వంగి ఉంటుంది. "అన్నా, బాలయ్య లేడు. గాయన కుట్టన్" అన్నాను. నర్సయ్య మళ్ళీ లెక్కపెట్టాడు, మళ్ళీ ఏడే వచ్చింది. "లెక్క సరిపోయింది" అన్నాడు. మంటను ఆర్పాలంటే గదిలోకి ఆవిరి వదలాలి. అవతల మందుగుండు గది ఉంది, పైన మూడొందల మంది ఉన్నారు. ఆయన చక్రం తిప్పి ఆవిరి వదిలాడు. సాయంత్రం మూత తీసినప్పుడు బాలయ్య నిచ్చెన కింద ఉన్నాడు. నూనె వాల్వు బిగించి ఉంది. చెప్పిన పని చేసే వచ్చాడు.

రేవుకు చేరాక విచారణ అన్నారు. అంతకు ముందు రోజు నర్సయ్య నన్ను పక్కకు పిలిచాడు. "బీరయ్యా, జర ఆలోచన చెయ్యి. పోయినోడు పోయిండు. నేను మూసిన అంటె నా బతుకు పోతది. కుట్టన్ కిందికెందుకు దిగిండని వాని బతుకు పోతది. బాలయ్యనే మల్ల లోపలికి దిగిండని రాస్తె ఎవ్వలకు ఏం గాదు" అన్నాడు. వెంటనే, "గొర్రె మొకాలు జూసినట్టు జూసిన అని ఆఫీసర్ల ముంగట చెప్తవా? నవ్వుతరు" అన్నాడు. ఆ మాట నాకు తగిలింది. ఆ నవ్వు నేను అప్పటికి రెండేళ్ళుగా పడుతున్నాను. మర్నాడు సంతకం పెట్టాను. నా చెయ్యి వణికిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. వణకలేదు. అక్షరాలు గుండ్రంగా, ఆయన నేర్పినట్టే వచ్చాయి. ఎవ్వలకు ఏం గాదు అన్నాడు. అచ్చంపేట అవతల ఒక తండ్రి కొడుకు పేరు మీద ఒట్టు పెట్టుకుంటాడని మేమిద్దరం అనుకోలేదు.

కొన్నేళ్ళకు నేను కొలువు వదిలి వచ్చాను. నర్సయ్య మాత్రం పూర్తికాలం చేసి ఆలేరులో పెద్దమనిషయ్యాడు. యుద్ధవీరుడని ఊరి బడిలో ఏటా ఆయన చేతనే జెండా ఎగరేయిస్తారు. ఒకసారి పేపర్లో ఫోటో వచ్చింది, ఛాతీ మీద బిళ్ళలు, చుట్టూ పిల్లలు. ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాను. ఆయన మీద ప్రేమతో కాదు, కోపం చల్లబడితే మళ్ళీ చూసుకోవడానికి. నిజం చెప్పాలంటే చావు కబుర్ల పేజీలో ఆలేరు అన్న మాట కోసం వెతికేవాణ్ణి. కనపడకపోతే ఒక రకంగా సంతోషం కూడా వేసేది, నా చేతికి దొరక్కుండా పోలేదు కదా అని.

ఈ మధ్య కట్టంగూర్ పోయాను. హైవే పక్కన మా మంద మేసిన జాగాలో ఇప్పుడు లారీలు ఆగుతాయి. మా తమ్ముడి కొడుకుకు సర్కారు గొర్రెలు వచ్చాయి. తెల్లవి, గోధుమరంగువి, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవి. ప్రతి దాని చెవికి పసుపుపచ్చ బిళ్ళ, దాని మీద అంకె. "ఇదేం గొర్రెరా" అని ఒకదాన్ని చూపిస్తే వాడు దాని ముఖం వంక చూడలేదు, చెవి పట్టుకుని అంకె చదివాడు. వాణ్ణి తప్పుపట్టను. వాడి గొర్రెలు తప్పిపోవు, మా బాపువి తప్పిపోయేవి. కానీ తప్పిపోయిన దాని కోసం తుమ్మల్లోకి తిరిగిపోవడం మా బాపుకు తెలుసు. నాకు తెలిసి కూడా పోలేదు. అప్పటికీ ఇప్పటికీ ఏది మంచి కాలమని ఎవరైనా అడిగితే నాకు చిరాకు. ముఖాలు తెలిసిన కాలంలోనే నేను ఆ సంతకం పెట్టాను.

శ్రీశైలం వచ్చి వెళ్ళిన నాలుగో రోజు ఆలేరు పోయాను. నర్సయ్య ఇల్లు స్టేషనుకు దగ్గరే. ఎనభై దాటినా నిటారుగా ఉన్నాడు. నన్ను చూడగానే పోల్చుకుని, "రారా రాళ్ళ దేశపోడా" అని రెండు చేతులూ చాచాడు. గోడ మీద ముసలిదాని ఫోటో పెద్దది కట్టించి పెట్టుకున్నాడు. కోడలు చాయ తెచ్చింది. ఆయన సాసర్లో పోసుకున్నాడు. నేను శ్రీశైలం ఇచ్చిపోయిన నకలు తీసి సాసరు పక్కన పెట్టాను.

చదివి సాసరు పక్కకు జరిపాడు. "ఇప్పుడెందుకు బీరయ్యా ఇది" అన్నాడు.

"వాని ఇంట్ల పిల్లగాడు పుట్టిండు. పేరు పెట్టాల్నంటె నిజం గావాలె. నీ చేతితోని రాసియ్యి."

"నేను లెక్కపెట్టిన. ఏడుగురు ఉండిన్రు. నేను అబద్ధం ఆడలే."

"లెక్కల ఆడలే. కాయితం మీద ఆడినవు."

"మూయకపోతె మూడొందల మంది పోతుండె."

"అది గూడ రాయి. కాని వాడు మాట ఇనలేదని రాసినవు చూడు, ఆ మాట నువ్వు ఎన్కకు తీసుకోవాలె. వాణ్ణి లోపలికి పంపింది నువ్వే."

ఆయన రాయనన్నాడు. నేను ఇంటి దగ్గరే తయారుచేసుకుని వచ్చిన మాట అన్నాను. రాయకపోతే వచ్చే జెండా పండుగనాడు బడికి వచ్చి, పిల్లల ముందు నిలబడి, ఆ రోజు సంగతి మొత్తం చెబుతానన్నాను. రాసిస్తే ఆ బడి గడప తొక్కనన్నాను. ఆయన ముఖంలో భయం చూశాను. యాభై ఏళ్ళు ఆ ముఖంలో ఏం చూడాలనుకున్నానో అదే చూశాను. ఎంత తియ్యగా ఉందో రాయడానికి సిగ్గుపడను. కోడలు కాగితం, పెన్ను తెచ్చింది. ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. మంటల్లోకి బాలయ్యను పంపింది తానేనని, వాడు చెప్పిన పని చేశాడని, వాడు లోపల ఉండగానే మూత వేసింది తానేనని, ముందు రాసింది అబద్ధమని, అచ్చ తెలుగులో నాలుగు వాక్యాలు రాశాడు. నేను గట్టిగా చదవమన్నాను. కోడలు తలుపు పట్టుకుని వింటోంది, ఆమె వినాలనే చదవమన్నాను. చదివి తలెత్తి, "ఇంకేమన్న రాయాల్నా బీరయ్యా?" అని నా కళ్ళలోకి చూశాడు.

"వద్దు. ఇది చాలు" అన్నాను, కొంచెం తొందరగానే.

"మరి నువ్వు గూడ సంతకం పెట్టు. అప్పుడు ఇద్దరం పెట్టినం" అన్నాడు. పెట్టాను. నా గ్లాసులో చాయ చివరి చుక్క దాకా తాగాను.

అక్కడి నుంచి తిన్నగా స్టేషనుకు పోవలసింది. బడికి పోయాను. మాట ఇచ్చి పది నిమిషాలు కూడా కాలేదు. హెడ్‌మాస్టరు గదిలో ఒకావిడ ఉంది. నేనూ పంతులునే అని చెప్పుకుని, ఆ కాగితం ఆమె ముందు పెట్టాను. ఆమె రెండుసార్లు చదివింది. "ఇన్ని ఏండ్లు మీరెందుకు చెప్పలేదు సార్" అని అడిగింది. నాకు వేరే పనుందని లేచాను. రెండో రోజు నర్సయ్య ఫోను చేశాడు. ఈ ఏడు జెండా ఇంకెవరో ఎగరేస్తారని వాళ్ళు కబురు పెట్టారట. "మాట తప్పినవు గదా బీరయ్యా" అన్నాడు. "తప్పిన" అని పెట్టేశాను. చేసింది తప్పే. మళ్ళీ అవకాశం వస్తే మళ్ళీ తప్పుతాను. ఆ వారం నాకు హాయిగా నిద్ర పట్టింది.

తొట్టెలకు ముందు రోజు అచ్చంపేట పోయాను. శ్రీశైలం బస్టాండుకు వచ్చి బండి మీద తీసుకుపోయాడు. ఊరి అవతల, దూరంగా నల్లమల గుట్టలు కనపడే చోట కొత్త ఇల్లు, ఇంకా సున్నం వాసన పోలేదు. లోపల చుట్టాలు అప్పుడే వచ్చి దిగుతున్నారు. లచ్చమ్మ ముందరి గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖం చూడగానే నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. బాలయ్య ముసలివాడైతే అలాగే ఉండేవాడు. నేను చేతిసంచి పక్కన పెట్టి ఆమె ముందు చాప మీద కూర్చున్నాను. "అక్కా, నీ తమ్ముడు మాట ఇన్నడు. ఇన్నందుకే పోయిండు" అన్నాను. శ్రీశైలం కాగితం చదివి వినిపించాడు. ఆమె కదలకుండా విన్నది. చదవడం అయ్యాక కాగితం తీసుకుని కళ్ళకద్దుకుని రొంటిన దోపుకుంది. "మా నాయిన ఇనకుంటనే పాయె" అన్నది. కళ్ళు తుడుచుకుంది. నాకు బరువు దిగినట్టయింది. నర్సయ్య చేత ఎలా రాయించానో, బడిలో ఏం చెప్పానో, జెండా ఎలా పోయిందో అంతా చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పి ఉంటాను.

ఆమె నన్నే చూస్తూ అడిగింది. "మూత ఏసినంక కొట్టిండా?"

విచారణలో ఎవరూ అడగలేదు. చచ్చిపోయే దాకా మా ఆవిడ అడగలేదు. నర్సయ్య రాయమంటావా అని చూపుతో అడిగితే వద్దన్నాను.

"కొట్టిండు" అన్నాను.

"దేంతోని?"

"పానాతోని. మూత మీద."

"ఎంతసేపు?"

నేను చెప్పాను. ముందు గబగబా కొట్టాడని, ఆవిరి వదిలాక ఆగి ఆగి కొట్టాడని, తర్వాత పానా కిందపడిన చప్పుడు వినిపించిందని. లోపలి చుట్టాలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"నువ్వు యాడున్నవు?"

"మూత పక్కనే."

"పిడి నీ చేతికి అందుతుండెనా?"

నర్సయ్య చక్రం దగ్గర ఉన్నాడు. ఆయన వీపు నా వైపుంది. అడ్డం ఎవరూ లేరు.

"అందుతుండె" అన్నాను.

లచ్చమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచింది. మా పల్లెల్లో పగవాడు వచ్చినా ముందు చెంబుతో మంచినీళ్ళు ఇస్తారు. నాకు ఎవరూ ఇవ్వలేదని అప్పుడు గమనించాను. ఆమె కేకలు పెట్టలేదు, శాపం పెట్టలేదు. "రేపు పిల్లగానికి బాలయ్య అని పిలుస్తం. నువ్వు ఉండొద్దు. ఇగ పో" అన్నది.

నేను గడప దాటాను. వెనక తలుపు పడింది, గొళ్ళెం పెట్టిన చప్పుడు వినిపించింది. నా చేతిసంచి, అందులో గోళీలు, కళ్ళద్దాలు లోపలే ఉండిపోయాయి. వాకిట్లో ఎండలో చాలాసేపు నిలబడ్డాను. తలుపు కొట్టలేదు.